పరదేశియైన ఉపకారి: వాల్డెమార్ హాఫ్‌కిన్ గారి జీవితము

శతవార్షికోత్సవ సంచికలలో సంఘ పితరుల చరిత్రలను, దేవాలయములు కట్టించిన మిషనరీల ప్రయాసలను వ్రాయుట వాడుక. సోదర రచయితలు ఈ సంచికలో ఆ పనిని చక్కగా నెరవేర్చియున్నారు. మేము మాత్రము సంఘ సభ్యుడు కాని యొకరి జీవితమును పాఠకుల ముందుంచ దలచితిమి. ఆయన క్రైస్తవుడు కారు, యూదుడు. మిషనరీ కారు. వైద్య పట్టా పుచ్చుకొనిన డాక్టరు కూడ కారు. ఈ దేశస్థుడు అసలే కారు. అయినను కలరా, ప్లేగు మన దేశమును ఊడ్చుకొని పోవుచున్న దినములలో ఆయన టీకామందు తయారుచేసి, దానిని ముందుగా తన దేహములోనికే ఎక్కించుకొని, తరువాత లక్షలాదిమందికి అందునట్లు చేసిరి. ఆయన పేరు వాల్డెమార్ మొర్దెకై హాఫ్‌కిన్.

ఈయన జీవితమును ఇప్పుడు ఎందుకు తలచుకొనవలెనని కొందరు అడుగవచ్చును. 2020వ సంవత్సరమున కోవిడ్ వ్యాధి లోకమంతట వ్యాపించినప్పుడు ఒక ప్రశ్న అనేక ప్రభుత్వముల యెదుట నిలిచెను. అమెరికా దేశములో వైద్యునికి లైసెన్సు ఇచ్చునది ఆయా రాష్ట్రమే. ఒక రాష్ట్రపు లైసెన్సు గల వైద్యుడు పొరుగు రాష్ట్రములో రోగిని చూడవలెనన్న అక్కడి అనుమతి కావలెను. 2020 మార్చిలో న్యూయార్క్ ఆసుపత్రులు రోగులతో నిండిపోగా, ఆ రాష్ట్ర గవర్నరు ప్రత్యేక ఉత్తర్వు ద్వారా ఇతర రాష్ట్రముల వైద్యులు వచ్చి పనిచేయుటకు సెలవిచ్చిరి. అదే సంవత్సరము మే నెలలో బొంబాయిలో రోగులు పెరిగిపోయి వైద్యులు చాలనందున, మహారాష్ట్ర ప్రభుత్వము వైద్యులను, నర్సులను పంపుమని కేరళ ప్రభుత్వమును కోరెను.

వైద్యము చేయుటకు అనుమతి కావలెనను నియమము మంచిదే. అది లేనియెడల సంచి భుజమున వేసికొని సూది పట్టుకొనిన ప్రతివాడును డాక్టరే యగును. పల్లెలలో నున్న మన సంఘస్థులకు ఈ సంగతి మేము చెప్పనక్కరలేదు. కాని మరణము వీధి వీధిన తిరుగుచున్న దినమున అదే నియమము తాళము వేసిన తలుపు కాగలదు. ఆ తలుపు ఎప్పుడు తీయవలెను? ఎవరికి తీయవలెను? లోపలికి వచ్చినవాని చేతులలో ఏదైన కీడు జరిగినయెడల వానితో ఏలాగు వ్యవహరింపవలెను? ఈ మూడు ప్రశ్నలును హాఫ్‌కిన్ గారి యొక్క జీవితములోనే మనకు కనబడుచున్నవి.

బాల్యము, విద్య

హాఫ్‌కిన్ గారు 1860వ సంవత్సరము మార్చి 15వ తేదీన నల్లసముద్ర తీరముననున్న ఒడెస్సా పట్టణములో జన్మించిరి. ఆ పట్టణము అప్పుడు రష్యా సామ్రాజ్యములోనిది, నేడు ఉక్రెయిన్ దేశములోనిది. ఒడెస్సా విశ్వవిద్యాలయములో ఆయన జంతుశాస్త్రము చదివిరి. ఆయన గురువు ఇల్యా మెచ్నికాఫ్. తరువాత 1908లో నోబెల్ బహుమతి పొందిన మహా శాస్త్రజ్ఞుడు ఈయనే.

ఆ దినములలో రష్యాలో యూదులపై మూకలు పడి ఇండ్లు దోచుట, చంపుట తరచు జరుగుచుండెను. 1881లో ఒడెస్సాలో అట్టి దాడి జరిగినప్పుడు హాఫ్‌కిన్ గారు తమ వారిని కాపాడుటకు ఏర్పడిన యువకుల దళములో చేరి, గాయపడి, చెరసాల పాలైరి. గురువుగారు కలుగజేసికొని ఆయనను విడిపించిరి.

చదువు ముగించిన పిమ్మట ఆయనకు విశ్వవిద్యాలయములో ఆచార్య పదవి దొరకవలసియుండెను. యోగ్యత గలదు, గురువుల మెప్పు గలదు. కాని యూదునికి ఆ పదవి లేదు. రష్యా ఆర్థడాక్స్ సంఘములో బాప్తిస్మము పొందినయెడల దొరకును. హాఫ్‌కిన్ గారు అందుకు సమ్మతింపలేదు. ఆ పట్టణపు జంతుశాస్త్ర మ్యూజియములో చిన్న ఉద్యోగముతో తృప్తిపడిరి.

ప్రియ పాఠకులారా, సంఘ సంచికలో ఈ సంగతిని దాటిపోవుట న్యాయము కాదని మా అభిప్రాయము. బాప్తిస్మమును ఉద్యోగమునకు వెలగా పెట్టిన రాజ్యము, ఆ రాజ్యముతో కలిసి నడచిన సంఘము, రెండును ఒక మేలైన మనుష్యుని పోగొట్టుకొనెను. వెల చెల్లించి నోటితో ఒప్పుకొని లోపలికి వచ్చినవాని కంటె, మనస్సాక్షిని అమ్ముకొనక బయటనే నిలిచినవాడు ఎక్కువ నమ్మదగినవాడు కాడా? ఈ మనస్సాక్షియే తరువాత మన దేశమునకు ఉపయోగపడెను.

పారిసులో గ్రంథాలయ సహాయకుడు

1888లో హాఫ్‌కిన్ గారు స్వదేశము విడిచి స్విట్జర్లాండులోని జెనీవాకు పోయిరి. మరుసటి సంవత్సరము పారిసులోని పాశ్చర్ సంస్థకు చేరిరి. మెచ్నికాఫ్ గారు అప్పటికే అక్కడ ఉండిరి. అయితే ఆ సంస్థలో ఖాళీగానున్న పని ఒక్కటే, గ్రంథాలయములో సహాయకుని పని. ఆయన దానినే స్వీకరించిరి. పగలు పుస్తకములు సర్ది, మిగిలిన వేళలలో ప్రయోగశాలలో సూక్ష్మజీవులపై పరిశోధన చేసిరి. తీరిక చిక్కినప్పుడు వయొలిన్ వాయించెడివారు.

ఆ కాలములో కలరా ఆసియా, యూరపు ఖండములను పట్టి పీడించుచుండెను. మన తెలంగాణ పల్లెలలో గత్తర అని పిలిచిన జబ్బు ఇదే. సాయంకాలము బాగుగానున్న మనుష్యుడు వాంతులు విరేచనములు పట్టి తెల్లవారునప్పటికి శవమగుట మన తాతల తరమువారు కన్నులార చూచినదే. హాఫ్‌కిన్ గారు కలరా సూక్ష్మజీవులను బలహీనపరచి, వాటితో టీకామందు తయారుచేసిరి. మొదట బలహీనమైనది, కొన్ని దినముల తరువాత బలమైనది, ఇట్లు రెండు సూదులు వేయవలెను. జంతువులపై పరీక్షించిన తరువాత 1892వ సంవత్సరము జులై 18వ తేదీన ఆ మందును ఆయన తమకే వేసికొనిరి. జ్వరము వచ్చెను, తగ్గెను. పిమ్మట ఆయన స్నేహితులు కొందరును వేయించుకొనిరి.

ఆ సంవత్సరమే రష్యాలో కలరా ప్రబలియుండెను. తమ మందును స్వదేశమున ఉపయోగింపనిండని ఆయన కోరగా రష్యా ప్రభుత్వము ఒప్పుకొనలేదు. స్వదేశపు తలుపు రెండవమారు మూయబడెను.

కలకత్తా బస్తీలో

పారిసులో బ్రిటిషు రాయబారిగానున్న డఫ్రిన్ ప్రభువు గతములో మన దేశమునకు వైస్రాయిగా పనిచేసినవారు. కలరా ఎక్కడ ఏటేటా మనుష్యులను తినుచున్నదో ఆయనకు తెలియును. హాఫ్‌కిన్ గారిని ఇండియాకు పొమ్మని చెప్పి సిఫారసు చేసిరి. 1893 మార్చిలో హాఫ్‌కిన్ గారు కలకత్తాలో దిగిరి.

ఆయన స్థితిని కొంచెము ఊహించుకొనుడి. ఆ దినములలో ఈ దేశమున ప్రభుత్వ వైద్యమంతయు ఇండియన్ మెడికల్ సర్వీసు అను వైద్య సైన్యాధికారుల చేతులలో నుండెను. వారికి ఈయన వైద్యుడు కారు. జంతుశాస్త్రము చదివినవాడు, రష్యా ప్రజ, యూదుడు, ఫ్రెంచి సంస్థ నుండి వచ్చినవాడు. అనుమానించుటకు ఇన్ని కారణములు చాలవా? ప్రభుత్వము మాత్రము ఆయనను వెళ్లగొట్టలేదు. ఇష్టపడినవారికి మాత్రమే టీకా వేయుటకు సెలవిచ్చెను.

ఆగ్రా మొదలుకొని ఉత్తర దేశమంతట తిరిగి ఆయన టీకాలు వేసిరి. సైనికుల బారకులలో, చెరసాలలలో, అస్సాము తేయాకు తోటలలో పనిచేయు కూలీల మధ్య ఆయన సంచరించిరి. 1894లో కలకత్తా ఆరోగ్యాధికారి సింప్సన్ గారు ఆయనను పిలిపించిరి. కట్టల్ బగాన్ అను బస్తీలో కలరా కనబడియుండెను. అక్కడి జనులు మొదట భయపడి దగ్గరకు రాలేదు. హాఫ్‌కిన్ గారికి అక్కడ బెంగాలీ వైద్యులు తోడైరి. జనుల భాషలో వారు నచ్చజెప్పిరి. జనులు చూచుచుండగా ముందుగా తామే సూది వేయించుకొనిరి. అప్పుడు బస్తీవారు ఒక్కరొక్కరుగా ముందుకు వచ్చిరి. ఆ బస్తీలోని సుమారు 200 మందిలో 116 మంది టీకా వేయించుకొనిరి. తరువాత అక్కడ మరి 10 మందికి కలరా తగులగా వారిలో 7గురు మరణించిరి. ఆ పదిమందియు టీకా వేయించుకొననివారే.

ఇచ్చట ఒక సంగతి గుర్తింపదగియున్నది. పరదేశి ఎంత జ్ఞాని యైనను, ఊరివారిలో చేయిపట్టి తీసికొనిపోవువాడు లేనిదే గడప దాటలేడు. ఆ బెంగాలీ వైద్యులు లేనియెడల హాఫ్‌కిన్ గారి మందు సీసాలోనే ఉండిపోయెడిది. సుమారు రెండున్నర సంవత్సరములలో 40 వేలకు పైగా జనులకు టీకాలు వేసి, మలేరియా జ్వరముతో కృశించి, 1895లో ఆయన యూరపునకు మరలిరి. ఆరోగ్యము కొంత కుదుటపడగానే 1896లో తిరిగి ఇండియాకు వచ్చిరి.

బొంబాయిలో మహామారి

1896 సెప్టెంబరులో బొంబాయి మాండ్వీ ప్రాంతమున వింత జ్వరము, గజ్జలలో గడ్డలు కనబడెను. అది ప్లేగు అని మొదట కనుగొనినవారు అకాసియో వియేగాస్ అను డాక్టరు. ఈయన గోవాలో పుట్టి బొంబాయిలో చదివినవారు. గోవా అప్పుడు పోర్చుగీసువారి ఏలుబడిలో నుండెను. కొన్ని మాసములలోనే లక్షలాదిమంది పట్టణము విడిచి పారిపోయిరి. వారితో కూడ తెగులును ఊరూర ప్రాకెను. తరువాతి దశాబ్దములలో ఈ దేశమున ప్లేగు వలన కోటి మందికి పైగా మరణించిరని లెక్కలు చెప్పుచున్నవి.

ప్రభుత్వము హాఫ్‌కిన్ గారిని పిలిపింపగా అక్టోబరు మొదటి వారములో ఆయన బొంబాయి చేరిరి. ఆయనకు ఇచ్చినది గ్రాంట్ మెడికల్ కాలేజీలో ఒక గది, దాని యెదుటి వసారా. ఒక గుమాస్తా, ముగ్గురు బంట్రోతులు. ఈ పరివారముతో ఆయన రాత్రింబగళ్లు పనిచేసిరి. సహాయకులలో ఒకరు శ్రమకు తాళలేక మనస్సు చెడి జబ్బుపడిరి, మరి ఇద్దరు విడిచిపోయిరి.

టీకామందు చేసిన విధము మన ఇల్లాండ్రకు ఆసక్తి కలిగించును. మాంసపు రసములో ప్లేగు సూక్ష్మజీవులను పెంచుచు, ఆ రసముపై నెయ్యి బొట్లు తేలవేసిరి. ఆ నేతి బొట్లను ఆధారము చేసికొని సూక్ష్మజీవులు తీగెలవలె క్రిందికి వ్రేలాడుచు పెరిగెను. వాటిని విదిలించి, మరల పెంచి, చివరకు వేడిచేసి చంపి, చెడకుండ కార్బాలిక్ ఆమ్లము కలిపిరి. చచ్చిన సూక్ష్మజీవులతోనే దేహమునకు కాపుదల నేర్పుట ఈ టీకాలోని సూత్రము.

డిసెంబరులో కుందేళ్లపై పరీక్ష ఫలించెను. 1897 జనవరి 10వ తేదీన హాఫ్‌కిన్ గారు తరువాత ప్రజలకు వేసినదానికంటె ఎంతో ఎక్కువ మోతాదును తమకు వేయించుకొనిరి. జ్వరము, నొప్పి బాధించినను పని మానలేదు. ఆ నెలాఖరున బైకుల్లా చెరసాలలో ప్లేగు పుట్టగా, అక్కడి ఖైదీలలో ఇష్టపడినవారికి టీకా వేసిరి. వేయించుకొనినవారిని, వేయించుకొననివారిని పోల్చి లెక్క చూచినప్పుడు మందు పనిచేయుచున్నదని తేటపడెను.

ఈ దినములలోనే మరియొక విధమైన చికిత్స కూడ ప్రభుత్వము మొదలుపెట్టెను. 1897 ఫిబ్రవరిలో అంటువ్యాధుల చట్టము వచ్చెను. అధికారులు, సైనికులు ఇండ్లలో జొరబడి రోగులను ఈడ్చుకొనిపోవుట, సామానులు కాల్చుట జరిగెను. స్త్రీల మర్యాదకు భంగము కలిగెనని జనులు మండిపడిరి. ఆ జూన్ నెలలో పూనాలో ప్లేగు అధికారి రాండ్ దొరపై తుపాకి ప్రేలెను, ఆయన ఆ గాయముతో మరణించెను. ఇదే కాలమున ఖోజా ముస్లిముల గురువైన ఆగాఖాన్, 19 ఏండ్ల యువకుడు, తమ భవనములో హాఫ్‌కిన్ గారికి చోటిచ్చి, తమ జనులందరి యెదుట తామే టీకా వేయించుకొనిరి. ఆ సమాజపువారు వేలకొలది వచ్చి చేతులు చాచిరి. బలవంతము తుపాకిని పుట్టించెను. మాదిరి విశ్వాసమును పుట్టించెను. ఒక క్రైస్తవ ప్రభుత్వము పిలిచిన యూదునికి ఒక ముస్లిము గురువు ఇల్లిచ్చి హిందూ, పారసీ, క్రైస్తవ జనులందరి ప్రాణములు నిలిపెను. ఇది మన దేశములో జరిగిన సంగతి.

1897లో విక్టోరియా రాణి వజ్రోత్సవ సందర్భమున ఆయనకు సి.ఐ.ఇ. బిరుదము లభించెను. 1899 ఆగస్టులో ఆయన ప్రయోగశాలను పరేల్‌లోని పాత గవర్నరు బంగళాకు మార్చిరి. ఆ బంగళాలోనే 1882లో గవర్నరు ఫెర్గూసన్ దొరగారి భార్య కలరాతో మరణించిరి. కలరా చొచ్చిన ఇల్లే తెగుళ్లను ఎదిరించు కోట యాయెను.

ముల్కోవాల్

1902లో పంజాబులో ప్లేగు మిక్కిలిగా నుండెను. టీకామందు విస్తారముగా కావలసివచ్చెను. త్వరగా, ఎక్కువగా తయారగుటకై హాఫ్‌కిన్ గారు విధానమును కొంత మార్చిరి. క్రొత్త విధానములో కార్బాలిక్ ఆమ్లము కలుపుట మానిరి, వేడితోనే శుద్ధిచేసిరి. ఇది పారిసులోని పాశ్చర్ సంస్థలో అనుసరించిన పద్ధతియే.

ఆ సంవత్సరము అక్టోబరు 30వ తేదీన ముల్కోవాల్ అను గ్రామములో 107 మందికి ఐదు సీసాలలోని మందు వేసిరి. ఒక సీసాలోని మందు వేయించుకొనిన 19 మందికి ధనుర్వాతము పుట్టెను. ఆ 19 మందియు మరణించిరి. మిగిలిన నాలుగు సీసాలవారికి ఏ కీడును కలుగలేదు.

ఈ 19 మందిని మరువకూడదు. శాస్త్రజ్ఞుని కథ చెప్పునప్పుడు చచ్చిన పల్లెజనులను అంకెగా మాత్రము చెప్పి దాటిపోవుట అన్యాయము. వారు ప్రభుత్వపు మాట నమ్మి చేయి చాచిన వ్యవసాయదారులు. వారి భార్యబిడ్డలు నిజమేమని అడుగుటకు హక్కు గలవారు. కావున విచారణ జరుగుట న్యాయమే.

అయితే విచారణ జరిగిన తీరు వేరు. కమిషను ఏర్పడెను. మందు బొంబాయి ప్రయోగశాలలోనే చెడియుండవలెనని, విధానము మార్చుటయే తప్పని అభిప్రాయపడెను. 1904 నాటికి హాఫ్‌కిన్ గారు పదవి పోగొట్టుకొని దేశము విడువవలసివచ్చెను. సాక్ష్య పత్రములు చాలకాలము వెలుగులోనికి రాలేదు. అవి బయటపడినప్పుడు మరియొక సంగతి తెలిసెను. ఆ దినమున గ్రామములో సీసా విప్పునప్పుడు సహాయకుని చేతిలోని పట్టకారు నేలబడెను. దానిని సరిగా కాచి శుద్ధిచేయక, మందునీటిలో ముంచి, దానితోనే బిరడా తీసిరి. ధనుర్వాతపు సూక్ష్మజీవి నివాసము మట్టియే గదా. పైగా విప్పినప్పుడు సీసాలో దుర్వాసన లేదు. ఆ సూక్ష్మజీవి వారములకు ముందే సీసాలో చేరి పెరిగియుండినయెడల కంపు కొట్టియుండవలెను.

లండనులోని లిస్టర్ సంస్థవారు ఈ సాక్ష్యమును పరిశీలించిరి. హాఫ్‌కిన్ గారి పక్షమున గట్టిగా నిలిచినవారు రోనాల్డ్ రాస్ గారు. మన తెలుగువారికి ఈయన పరాయివారు కారు. 1897 ఆగస్టు 20వ తేదీన సికింద్రాబాదు బేగంపేటలో దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొని, 1902లో నోబెల్ బహుమతి పొందినవారు ఈయనే. ఆయనయు ఇండియన్ మెడికల్ సర్వీసులో పనిచేసినవారే. బయటివానిని లోపలివారు నిందించుచుండగా, లోపలివాడైన రాస్ గారు బయటివాని కొరకు మాట్లాడిరి. 1907లో లండను టైమ్సు పత్రికకు పదేపదే వ్రాసిరి. ఆ జులై నెలలో పదిమంది పేరుగల శాస్త్రజ్ఞులు సంతకములు చేసి, ఆరోపణ నిలువదని అదే పత్రికలో ప్రకటించిరి. ఆ సంవత్సరాంతమున ప్రభుత్వము హాఫ్‌కిన్ గారిని నిందనుండి విడిపించి తిరిగి పనిలోనికి పిలిచెను. ఫ్రాన్సులో నేరము చేయకయే శిక్షపొందిన డ్రైఫస్ అను యూదుడైన సైనికోద్యోగి కథతో ఈ కథను అనేకులు పోల్చిరి.

తుది దినములు

తిరిగి వచ్చినను పూర్వపు స్థానము దొరకలేదు. పరేల్‌లోని ప్రయోగశాల ఇతరుల చేతులలో నుండెను. కలకత్తాలో ఆయనకు పదవి ఇచ్చిరి గాని, అక్కడ టీకామందు తయారుచేయు వసతి లేదు. నిర్దోషి యని కాగితముపై వ్రాసిరి. పనిచేయు చేతులను మాత్రము కట్టివేసిరి. 1914లో ఉద్యోగ విరమణ చేసి ఆయన ఈ దేశమును విడిచిరి.

ఆయన వివాహము చేసికొనలేదు. తుది దినములలో తమ పితరుల ధర్మశాస్త్రమును నిష్ఠగా అనుసరించిరి. 1929లో తమ ఆస్తినంతయు తూర్పు యూరపులోని యూదుల విద్యాలయముల సహాయమునకై ఒక నిధిగా ఏర్పరచిరి. 1930 అక్టోబరు 26వ తేదీన స్విట్జర్లాండులోని లొసాన్ పట్టణములో మరణించిరి. అంతకు ముందే, 1925లో, పరేల్‌లోని సంస్థకు హాఫ్‌కిన్ ఇన్‌స్టిట్యూట్ అని పేరు పెట్టిరి. 1964లో భారత ప్రభుత్వము ఆయన బొమ్మతో తపాలా బిళ్ల ముద్రించెను. 2021 ఏప్రిల్‌లో, మన హైదరాబాదులోని భారత్ బయోటెక్ వారి కోవిడ్ టీకాను తయారుచేయుటకు అనుమతి పొందిన సంస్థలలో ఆయన పేరు గల బొంబాయి సంస్థ ఒకటి.

మనకు పాఠములు

ఈ జీవితమునుండి సంఘముగా మనము నేర్చుకొనవలసినవి కొన్ని గలవని తలంచుచున్నాము.

మొదటిది, తలుపు తీయు విధము ముందుగనే నిర్ణయింపబడవలెను. కలకత్తాలో గాని బొంబాయిలో గాని హాఫ్‌కిన్ గారికి సెలవు దొరకుట ఒక రాయబారి సిఫారసు వలనను, ఒక ఆరోగ్యాధికారి ధైర్యము వలనను జరిగెను. ఆ ఇద్దరు లేనియెడల ఏమి జరిగియుండునో చెప్పజాలము. తెగులు వచ్చిన తరువాత ఉత్తర్వులు వ్రాయుచు కూర్చుండిన, ఉత్తర్వు చేరునప్పటికి రోగి యుండడు. ఇతర రాష్ట్రముల వైద్యుల, నర్సుల పట్టాలను పరిశీలించి, కష్టకాలమున వెంటనే పనిలో పెట్టుకొను ఏర్పాటు శాంతి కాలముననే ఉండవలెను.

రెండవది, తలుపు తీయుట అనగా కావలి తీసివేయుట కాదు. హాఫ్‌కిన్ గారు పట్టా లేనివారైనను పరీక్ష లేనివారు కారు. మొదట జంతువులపై, పిమ్మట తమ దేహముపై, తరువాత ఇష్టపడినవారిపై, లెక్కలు వ్రాసికొనుచు నడచిరి. అనుమతించిన ప్రభుత్వమును లెక్క అడిగెను. కష్టకాలమును అవకాశముగా తీసికొని వచ్చు కపట వైద్యులకు, ఈయనకు భేదము ఇదే. లెక్క చూపువానికి తలుపు తీయవలెను, లెక్క దాచువానికి మూయవలెను.

మూడవది, కీడు జరిగినప్పుడు విచారణ అందరికి సమానముగా నుండవలెను. ముల్కోవాల్‌లో నేలబడిన పట్టకారు కంటె, బొంబాయిలోని పరదేశి పేరే పెద్దవారి కండ్లకు ముందుగా కనబడెను. ఊరివాడు తప్పుచేసిన పొరపాటనియు, పరదేశి తప్పుచేసిన ద్రోహమనియు తలంచుట మనుష్య స్వభావము. ఈ స్వభావమునకు సంఘము కూడ అతీతము కాదు. 2020లో వైద్యులను, నర్సులను అద్దె ఇండ్లనుండి వెళ్లగొట్టినవారు, చెన్నైలో కోవిడ్ వలన మరణించిన వైద్యుని భూస్థాపనను అడ్డగించినవారు దూరదేశస్థులు కారు. ఇట్టి సంగతులు జరుగుటచేతనే, వైద్య సిబ్బందిపై దాడి చేయువారిని శిక్షించుటకు ఆ పాత 1897 చట్టమును ఆ సంవత్సరము సవరింపవలసివచ్చెను.

ఈ మాటలు మనకు దూరపు మాటలు కావు. సముద్రములు దాటి వచ్చిన వైద్యుల చేతులలో మన సంఘములలోని ఎందరో పుట్టిరి, బ్రతికిరి. నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో కుష్ఠురోగుల ఆసుపత్రిని ఆరంభించిన ఇసబెల్ కెర్ గారు పరదేశియే. నేడు మన కుటుంబముల కుమార్తెలు, కుమారులు నర్సులై, వైద్యులై ఇతర రాష్ట్రములలో, గల్ఫు దేశములలో, ఇంగ్లండులో, అమెరికాలో పనిచేయుచున్నారు. అక్కడ వారే పరదేశులు. వారిపై అక్కడివారు ఏలాటి దయ చూపవలెనని మనము ప్రార్థించుచున్నామో, మన ఊరి ఆసుపత్రికి వేరు రాష్ట్రమునుండి వచ్చిన నర్సమ్మపై అట్టి దయనే మనము చూపవలెను గదా.

యెరికో త్రోవలో గాయపడి పడియున్నవాడు, తన గాయములు కట్టినవాని ఊరు ఏదని అడిగినట్లు సువార్తలో లేదు. అడుగు స్థితిలో వాడు లేడు. ఆరోగ్యముగానున్న మనమే అట్టి ప్రశ్నలు అడుగుచుందుము. మరల ఏదో యొక దినమున ఏదో యొక తెగులు మన వీధులలోనికి రావచ్చును. ఆ దినమున మన సంఘ పెద్దలు, స్త్రీల మైత్రివారు, యౌవనస్థులు మూడు పనులు చేయగలరు. వచ్చిన వైద్యులకు ఉండుటకు ఇల్లు చూపవచ్చును. వారి మాటను మన భాషలో మన జనులకు నచ్చజెప్పవచ్చును. ఏదైన కీడు జరిగినయెడల నిజము తెలియువరకు రాయి ఎత్తకుండ నిలువవచ్చును. కలకత్తాలో బెంగాలీ వైద్యులు, బొంబాయిలో ఆగాఖాన్, లండనులో రాస్ గారు హాఫ్‌కిన్ గారికి చేసినవి ఈ మూడు పనులే.